ఇద్దరు సింహాచలాలు, ఒక మెషీన్

చేసిన పనినే మళ్ళీ చెయ్యడం కంటే పాపం ఇంకోటి లేదని యుగంధర్ సిద్ధాంతం. బద్ధకస్తులు చాలామంది ఇలాంటిదేదో చెబుతారు గాని, ఇతనిది ఒళ్ళొంచే బద్ధకం. రేపు కాళ్ళు చాపుకుని కూర్చోవడం కోసం ఈరోజు నడుం విరిగేలా పనిచేస్తాడు.

రణస్థలం దాటాక హైవే పక్కనున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ అతని చేతిలో ఉండేది. పాఠం చెప్పే ఉద్యోగం కాదు. కంప్యూటర్లు నడిచేలా చూడడం, నడవనప్పుడు తిట్లు తినడం. అయినా పిల్లలు సార్ అనే పిలిచేవారు, అతనికీ ఆ పిలుపు తియ్యగానే ఉండేది.

ఆ ల్యాబ్‌లో లినక్స్ నడిచే పెద్ద సర్వరు ఒకటుంది. ప్రాజెక్టు చేసే ప్రతి విద్యార్థికీ అందులో ఒక వర్చువల్ మెషీన్ ఇవ్వాలి. దానికి వేరే పెట్టె ఏమీ ఉండదు. పెద్ద ఇంటిని వాటాలు వేసి, ఒక్కో వాటాకీ వేరే పొయ్యి, వేరే తాళం ఇచ్చినట్టు, ఒకే సర్వరు లోపల బోలెడు కంప్యూటర్లు. ఎవరి వాటాలో వాళ్ళు వండుకుంటారు, ఒకడి కూర మాడితే పక్కవాడికి పొగ రాదు. మొదట్లో యుగంధర్ ఈ వాటాలన్నీ చేత్తోనే కట్టేవాడు. మెమరీ ఇంత, డిస్కు ఇంత, ఈ పేరు, ఈ పాస్‌వర్డు అని ఒక్కోదానికీ టైపు చేస్తూ కూర్చుంటే వారాలు గడిచేవి. మధ్యలో ఎక్కడో ఒక తప్పు దొర్లేది, దాన్ని వెతకడానికి ఇంకో వారం. విసుగెత్తి స్క్రిప్టు రాశాడు. పేర్లు ఇచ్చి ఎంటర్ కొడితే చాలు, ఒక్కొక్కరికీ మెషీన్ కట్టి, పేరు పెట్టి, తాళం చేతికిస్తుంది. అది మొదటిసారి సరిగ్గా నడిచిన రోజున అటెండరు లక్ష్ముడికి టీ ఇప్పించాడు. ఎందుకిప్పించాడో లక్ష్ముడికి తెలియలేదు గాని, టీ వద్దనే మనిషి కాదు.

మెషీన్లకి రోల్ నంబర్లు పెట్టమని హెచ్‌ఓడీ రమేష్‌బాబు గారు ముందే చెప్పారు. యుగంధర్ వినలేదు.

"పిల్లలకి పేర్లున్నాయి కదండి. నంబర్లెందుకు, జైలేటి?" అన్నాడు.

మాట బాగుంది. బాగున్న మాటలతోనే వస్తుంది చిక్కంతా. ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగినవాడు చెయ్యకూడని తప్పు అది. అటువైపు సింహాద్రి అప్పన్నకి మొక్కుకోని ఇల్లుండదు. మొక్కుకుని కన్న పిల్లలందరూ అప్పన్నలు, అప్పలనాయుళ్ళు, అప్పలరాజులు, సింహాచలాలు. అందులోనూ సింహాచలం అంటే ఆడపిల్లకీ చెల్లుతుంది, మగపిల్లాడికీ చెల్లుతుంది. అందుకే జనం పేర్లకి ముందొక తోక తగిలించుకుంటారు: పొట్టి అప్పన్న, రేవు అప్పన్న, మిలట్రీ అప్పన్న. చింతపల్లి తీరంలో పడవ నడిపే ఎల్లాజీ మాత్రం, కొడుక్కి ఊళ్ళో ఎవరికీ లేని పేరు పెట్టి తీరతానని పంతం పట్టి, స్కూలు మేష్టారిని అడిగి మరీ యుగంధర్ అని పెట్టుకున్నాడు. ఊరు మొత్తానికి ఒక్కడే యుగంధర్. ఒకరిని పిలిస్తే ఇద్దరు పలకడమనే ఇబ్బంది పుట్టి బుద్ధెరిగాక అతనికి తెలియదు. తెలియనిది స్క్రిప్టులోకి ఎక్కణ్ణుంచి వస్తుంది?

పైగా స్క్రిప్టు పరీక్షించే రోజుల్లో పాత మెషీన్లు మాటిమాటికీ అడ్డొస్తున్నాయని, ఆ పేరుతో పాతది ఉంటే తుడిచేసి కొత్తది కట్టమని ఒక వరస రాసుకున్నాడు. తరవాత తీసేద్దాంలే అనుకున్నాడు. తరవాత తీసేద్దామనుకున్నవి మనలో ఎంతమంది తీశాం గనక.

2016 ఏప్రిల్‌లో, ఫైనలియర్ వాళ్ళ ప్రాజెక్టు పరీక్ష రేపనగా, థర్డియర్ పిల్లలకి కూడా మెషీన్లు కావాలని కబురొచ్చింది. యుగంధర్‌కి అది పనే కాదు. పేర్లిచ్చాడు, ఎంటర్ కొట్టాడు, క్యాంటీన్‌కి వెళ్ళి ఉల్లిపాయ పకోడీ తిని వచ్చాడు. వచ్చేసరికి గుమ్మం దగ్గర ఒక బక్కపలచటి గుంటడు నిలబడి ఉన్నాడు.

"సార్, అందరికీ మెషీన్లు వచ్చీసినాయి. నాకు రానేదు."

"నీ పేరేటి?"

"సింహాచలం సార్."

యుగంధర్ తెర మీద వెతికాడు. సింహాచలం మెషీన్ కట్టలేకపోయానని స్క్రిప్టు ఎర్రక్షరాలతో చెప్పింది. ఆ పేరుతో ఒకటి ఇప్పటికే నడుస్తోందట. నడవడమేమిటని నవ్వుకుంటూ దాని పై వరస చదివాడు. పాత సింహాచలం డిస్కు తుడిచేశాను, అని ఉంది.

నవ్వు నోట్లోనే ఆగిపోయింది. ఫైనలియర్‌లో ఇంకో సింహాచలం ఉంది. ఆడపిల్ల. గరివిడి దగ్గర పల్లెటూరు. ఆమె మేనమామ గంగరాజు, గజ్జెలు కట్టి రొమ్ము మీది తప్పెట వాయిస్తూ ఆడే తప్పెటగుళ్ళ బృందానికి గురువు. జాతరల కాలంలో ఒకే రోజుకి రెండు ఊళ్ళవాళ్ళు బయానా ఇచ్చిపోవడం, ఆ రోజు రాగానే గంగరాజు కోసం రెండు ఊళ్ళూ కొట్టుకోవడం ఆమె చిన్నప్పటినుంచి చూస్తోంది. అందుకని బృందాల తేదీలు చూసుకునే వెబ్‌సైటు ఒకటి ఏడాది పొడవునా కట్టింది. ఆ ఏడాది పనంతా ఆ మెషీన్‌లోనే ఉంది. రేపు చూపించకపోతే ఏడాది పోతుంది, విశాఖపట్నంలో ఆమెకి ఖాయమైన ఉద్యోగమూ పోతుంది. బ్యాకప్ అంటారా, దానికి డిస్కు చాలదని యుగంధర్ వచ్చే ఏడాదికి వాయిదా వేశాడు.

ఒక్కటే ఆశ. లినక్స్‌లో ఫైలును చెరిపితే ముందు పోయేది దాని పేరు. ఎవరైనా దాన్ని తెరిచి వాడుతున్నంతసేపూ లోపలి సరుకు అలాగే ఉంటుంది. సింహాచలం మెషీన్ ఇంకా నడుస్తోంది. నడుస్తున్నంతసేపూ ఏమీ పోలేదు. ఆపిన మరుక్షణం అంతా పోతుంది.

పని అయ్యాక మెషీన్ ఆపి వెళ్ళాలని ల్యాబ్ గోడ మీద పెద్దక్షరాలతో రాయించింది యుగంధరే. పిల్లలందరిలో ఆ మాట పాటించేది ఒక్క సింహాచలమే. అది గుర్తొచ్చి అతను ల్యాబ్‌లోకి పరిగెత్తాడు.

"సింహాచలం, చెయ్యి తియ్."

కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి కీబోర్డు మీంచి చేతులు తీసింది. వెనకే వచ్చిన గుంటడు జేబులోంచి చేతులు తీశాడు. తెర మీద ఆపమనే ఆజ్ఞ అప్పటికే టైపు చేసి ఉంది. ఎంటర్ ఒక్కటే తక్కువ.

"ఏటైంది సార్?" అంది అమ్మాయి.

నిజం గొంతుదాకా వచ్చింది. కానీ యుగంధర్‌కి పరువు అడ్డొచ్చింది. మొత్తం డిస్కును చడీచప్పుడూ లేకుండా బయటికి తీసేసి, మళ్ళీ పేరు తగిలించేస్తే ఎవరికీ తెలియదు కదా అనుకున్నాడు.

"ఏం లేదమ్మా. అప్‌గ్రేడ్ చేస్తన్నాను. నీ మెషీన్ ఆపకు, అలా వదిలీ."

సర్వరు గదిలోకి వెళ్ళి మెషీన్‌ని కదలకుండా నిలిపి, పేరు లేని ఆ డిస్కును మరోచోటికి నకలు తియ్యడం మొదలుపెట్టాడు. పెద్ద డిస్కు, ముసలి సర్వరు. నత్తనడకన పాకుతోంది. సగం అయ్యేసరికి అమ్మాయి తలుపు దగ్గరికొచ్చింది.

"సార్, నాది బిగుసుకుపోయింది. ఏటి నొక్కినా కదల్నేదు."

"కాసేపు ఓపిక పట్టమ్మా" అంటుండగా కరెంటు పోయింది.

ఏప్రిల్‌లో అక్కడ కరెంటు పోవడం వింతేమీ కాదు. ల్యాబ్‌లో తెరలన్నీ ఆరిపోయాయి, పిల్లలు ఓహో అని అరిచారు. సర్వరు మాత్రం యూపీఎస్ మీద నడుస్తోంది, ఆ యూపీఎస్ కీచుకీచుమంటోంది. దాని బ్యాటరీ సంగతి యుగంధర్‌కి బాగా తెలుసు. వృద్ధాప్యం. ఇంకాసేపు బతికితే గొప్ప.

"లక్ష్ముడూ, బేగి జనరేటరు వెయ్యి" అని కేకేశాడు.

"డీజిలేదీ బాబూ? యాన్యువల్ డేకి మైకుసెట్టోలు వాడీసినారు" అన్నాడు లక్ష్ముడు వరండాలోంచి, ఏ తొందరా లేకుండా.

నకలు సగంలో ఉంది. సగం డిస్కు పనికిరాదు, సగం పడవ ఎక్కి ఎవడు వేటకెళ్తాడు. ఇంక దాస్తే ఆ పిల్ల కొంప మునుగుతుంది.

"సింహాచలం, నీ మెషీన్‌ని నేనే తుడిచీసానమ్మా" అన్నాడు. పేరు సంగతి, స్క్రిప్టు సంగతి, డిస్కు సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేశాడు.

ఆమె మొహంలో రక్తం లేదు. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. కీచుమంటున్న యూపీఎస్ కేసి చూసింది, పాకుతున్న అంకెల కేసి చూసింది.

"మొత్తం ఎందుకు సార్ తీస్తన్నారు?"

"మెషీన్ మొత్తం తిరిగి రావాలి కదా."

"మెషీన్ పోతే పోనీండి సార్. అది మీ స్క్రిప్టు మళ్ళీ కట్టీగలదు కదేటి? నాను రాసింది ఒక్క ఫోల్డరు, డేటాబేసు. ఆ రెండూ తీసీండి సాలు."

మెషీన్లు పోయినా ఫర్వాలేకుండా ఉండాలనే కదా యుగంధర్ ఆ స్క్రిప్టు రాసింది. తీరా ఒకటి పోయేసరికి దాన్నే పట్టుకుని వేలాడుతున్నాడు. బతికుంటే బలుసాకు తిని బతకొచ్చన్నారు పెద్దలు. నకలు ఆపేసి, నిలిపిన మెషీన్‌ని మళ్ళీ కదిలించాడు. ఆమె వంగి తన పాస్‌వర్డు కొట్టింది. ఫోల్డరు బయటికొచ్చింది, దాని వెనకే డేటాబేసు వచ్చింది. రెండూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కాయో లేదో, యూపీఎస్ నిట్టూర్చి ఆగిపోయింది. గదిలో ఫ్యాన్ల హోరు లేకపోయేసరికి హైవే మీద లారీల చప్పుడు వినిపించింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఆమే నవ్వింది.

"మా సైటులో ఒకే తేదీకి రెండు ఊర్లు అడిగితే, ఆగి అడుగుతాది సార్. ముందోళ్ళని తుడిసీదు."

"బుద్ధొచ్చిందమ్మా" అన్నాడు యుగంధర్.

ఎండ చల్లబడే వేళకి కరెంటొచ్చింది. యుగంధర్ మొట్టమొదట చేసిన పని ఆ తుడిచే వరస తీసేసి, పాతది కనిపిస్తే ఆగి అడగమని రాయడం. మెషీన్ పేరు పక్కన రోల్ నంబరు కూడా చేర్చాడు, రమేష్‌బాబు గారికి మనసులోనే దండం పెట్టుకుని. థర్డియర్ సింహాచలానికి అతని మెషీన్ ఇచ్చి పంపి, తరవాత అమ్మాయికి కొత్త మెషీన్ లేపాడు. అందులో వెబ్ సర్వరు కావాలి, డేటాబేసు కావాలి, తెలుగు అక్షరాలు కావాలి, రోజూ పొద్దున్నే గురువులకి మెసేజి పంపే ఏర్పాటు కావాలి. ఏడాదిలో ఏది ఎప్పుడు ఎందుకు పెట్టుకుందో ఆమె ఒక్కోటీ గుర్తుచేసుకుని చెబుతుంటే, యుగంధర్ ఒక్కోటీ స్క్రిప్టులోకి ఎక్కించాడు. చేత్తో పెడితే ఈ పూటకి సరిపోయేదే. కానీ చేసిన పని మళ్ళీ చెయ్యడం పాపం కదా. కాలేజీ బస్సు హారన్ కొట్టేసరికి తెర మీద సైటు తెరుచుకుంది, పైన గజ్జెలు కట్టుకున్న గంగరాజు బొమ్మతో సహా. ఆమె పెన్‌డ్రైవ్ తీసుకుని బస్సు వైపు పరిగెత్తింది. యుగంధర్ హాయిగా ఇంటికెళ్ళి కడుపునిండా తిన్నాడు.

మర్నాడు బయట కాలేజీ నుంచి ఎగ్జామినరుగా నారాయణమూర్తి గారొచ్చారు. పెద్దమనిషే గాని, కొనుక్కొచ్చిన ప్రాజెక్టులు చూసి చూసి అనుమానం ఒంటబట్టినవాడు. పక్కన రమేష్‌బాబు గారు కూర్చున్నారు. ప్రొజెక్టరు చూసుకోవడానికి యుగంధర్ గోడవార నిలబడ్డాడు. సింహాచలం చక్కగా చెప్పుకుపోతోంది. ఆయన మధ్యలో ఆపి, ఫైళ్ళ తేదీలు చూపించమన్నారు.

అన్నీ నిన్నటివే. ఒక్కటంటే ఒక్క పాత తేదీ లేదు. నిన్నటి కంగారులో యుగంధర్ ఫైళ్ళని తీశాడే గాని, పాత తేదీలు అలాగే ఉంచమని చెప్పడం మరిచిపోయాడు.

"మెషీన్ ఎప్పుడు పుట్టిందమ్మా?" అన్నారాయన.

"నిన్న సాయంత్రం సార్."

"ఏడాది ప్రాజెక్టు. మెషీన్ పుట్టింది నిన్న. ఫైళ్ళు పుట్టిందీ నిన్నే. ఎవరిచ్చారు ఇది?"

"నానే రాసాను సార్. నిన్న కొత్త మెషీన్‌లోకి మార్చీసాం."

"ఎందుకు మార్చాల్సొచ్చింది?"

సింహాచలం తలొంచుకుంది. జవాబు ఆమె దగ్గర ఉంది. గోడ వైపు వేలు చూపిస్తే సరిపోతుంది. చూపించలేదు. కనీసం అటు తల కూడా తిప్పలేదు. తిప్పితే సార్ పేరు బయటికొస్తుందని ఆ పిల్ల మెడ బిగపట్టుకుని నిలబడింది. అది చూశాక యుగంధర్‌కి కళ్ళు చెమర్చాయి. తన పరువు కోసం నిన్న తను అబద్ధమాడాడు. ఈరోజు తన పరువు కోసం ఆమె ఏడాదిని పణం పెడుతోంది.

"తుడిచీసింది నేనండి" అన్నాడు, గోడ వదిలి ముందుకొచ్చి. "నా స్క్రిప్టు తప్పు. ఒకే పేరున్న ఇద్దరుంటారని నాకు తట్టలేదు. కరెంటు పోతూ ఉంటే ఫైళ్ళు మాత్రం తీసుకోగలిగాం. తేదీలు పోయింది కూడా నా వల్లే."

రమేష్‌బాబు గారు కళ్ళజోడు తీసి, "నంబర్లు పెట్టమన్నాను కదయ్యా" అన్నారు, ఏడాదిగా దాచుకున్న మాటలా. నారాయణమూర్తి గారు మెత్తబడలేదు.

"ల్యాబ్ వాళ్ళు పిల్లల్ని వెనకేసుకు రావడం నేను చాలా కాలేజీల్లో చూశానండి. ఇదీ ఉత్త మాటే. ఇది ఈ అమ్మాయి రాసిందని ఎలా తెలుస్తుంది?"

అప్పుడు సింహాచలం తలెత్తింది.

"మెషీన్‌ని మళ్ళీ తుడిచీండి సార్" అంది, యుగంధర్‌తో.

"ఏటి?"

"తుడిచీసి, మొదట్నుంచి కట్టండి. ఏది ఎక్కినప్పుడు అది ఎందుకుందో నాను సెప్తాను. కొనుక్కున్నోళ్ళకి అది తెలీదు కదేటి."

నారాయణమూర్తి గారు కుర్చీలో వెనక్కి వాలి, కానివ్వమన్నట్టు చెయ్యి ఊపారు. యుగంధర్ ముందు నిన్నటి ఫోల్డరూ డేటాబేసూ మెషీన్ బయట భద్రంగా ఉన్నాయో లేదో చూసుకున్నాడు. తుడిచే ఆజ్ఞ టైపు చేశాడు. నిజంగానే తుడిచెయ్యాలా అని స్క్రిప్టు అడిగింది. ఎంటర్ మీద అతని వేలు ఆగిపోయింది. నిన్న ఆమెను ఆపడానికి ఎంత పరిగెత్తాడో కాళ్ళకి ఇంకా గుర్తుంది. ఆమె పక్కకొచ్చి తనే నొక్కింది.

మెషీన్ పోయింది. ప్రొజెక్టరు గుడ్డ మీద గంగరాజు మాయమైపోయాడు. తరవాత ఒక్కో వరసా లేవడం మొదలైంది, ఆమె ఒక్కోదానికీ మాట అందుకుంది. డేటాబేసు లేచినప్పుడు, ఒకే తేదీకి రెండు ఊళ్ళు పడకుండా ఏ కట్టు వేసిందో, మొదట వేసిన కట్టు ఎందుకు తెగిందో చెప్పింది. తెలుగు అక్షరాలు ఎక్కినప్పుడు, ఇంగ్లీషులో పెడితే గురువులు చదవరని చెప్పింది. పొద్దుటి మెసేజి దగ్గర, ఎండెక్కాక పంపితే వాళ్ళు పొలంలో ఉంటారని, కోడి కూసే వేళకి పెట్టానని చెప్పింది. నారాయణమూర్తి గారు అడ్డుప్రశ్నలు వేశారు. కొన్నిటికి జవాబు చెప్పింది, ఒకదానికి తెలీదు సార్ అంది. తెలీదన్న మాటకే ఆయన మొదటిసారి తలూపారు.

గంగరాజు గజ్జెలతో సహా తిరిగొచ్చాడు. నారాయణమూర్తి గారు స్వయంగా లేచొచ్చి తమ ఊరి జాతరకి తేదీ అడిగారు. సైటు ఇచ్చింది. అదే తేదీకి పక్క ఊరి పేరు కొట్టారు. ఈ రోజు ఇప్పటికే ఒక ఊరికి మాటిచ్చాం, గురువుగారిని అడిగి చెబుతాం, కాస్త ఆగండి అని తెలుగులో వచ్చింది.

"మా రెండు ఊళ్ళకీ ఇది ముందే ఉంటే, ఎన్ని తలలు పగలకుండా ఉండేవో" అంటూ ఆయన నవ్వి, మార్కులు వేసి, సంతకం చేశారు. ఎన్ని వేశారో రమేష్‌బాబు గారి మొహం చూస్తేనే తెలిసింది. హెచ్‌ఓడీ గారు వెళ్తూ వెళ్తూ, "సాయంత్రం నా గదికి ఒకసారి రావయ్యా" అన్నారు యుగంధర్‌తో. తిట్లు ఖాయం. అయినా యుగంధర్‌కి గుండె ఇంత తేలిగ్గా ఈ మధ్యకాలంలో లేదు.

వరండాలో సింహాచలం అతనికోసం ఆగి ఉంది.

"ఎంటర్ కాడ మీ సెయ్యి ఆగిపోయింది సార్."

"ఆగదేటమ్మా. నీకు భయం వెయ్యనేదా?"

"లేదు సార్. నిన్న రాత్రి ఇంటికెల్లగానే ఇంకో రెండు పెన్‌డ్రైవుల్లో ఎక్కించీసాను. ఒకటి అమ్మ బియ్యం డబ్బాలో ఉన్నాది. ఒకటి మా మావ గజ్జెల సంచిలో పెట్టీసాను."

"అయితే నన్ను నమ్మలేదన్నమాట."

"మిమ్మల్ని నమ్మాను సార్" అంది సింహాచలం, మెట్లు దిగుతూ. "మెషీన్‌నే నమ్మనేదు."